ఇంటి విద్యుత్తునకు కావలివారు

మీట నొక్కినంతనే గదినిండ వెలుగు పరచుకొనును. పంకా తిరుగును; ఇస్త్రీపెట్టె వేడెక్కును; నూతిలోని నీరు మేడమీది తొట్టికి ఎక్కును. పూర్వము ఆముదపు దీపము, విసనకర్ర, బావి గిలక చేసిన పనులను నేడు గోడలలో దాగిన సన్నని తీగలు చేసిపెట్టుచున్నవి. భారతదేశమున మొదటి జలవిద్యుత్కేంద్రము 1897వ సంవత్సరములో డార్జిలింగు సమీపమున వెలసినది. ఆనాడు కొలదిమందికి మాత్రమే అందిన ఆ వెలుగు నేడు మారుమూల పల్లెలలోని పూరిండ్లకు సైతము చేరినది.

ఇంత మేలుచేయు శక్తియే అజాగ్రత్తగా వాడినచో ప్రాణాంతకమగుచున్నది. మన దేశమున విద్యుద్ఘాతము వలన ఇటీవలి సంవత్సరములలో ఏటేట పదివేలకు పైగా జనులు మరణించుచున్నట్లు ప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. వీరిలో కొందరు పొలములలో మోటార్లవద్ద, కొందరు కర్మాగారములలో ప్రమాదమునకు గురియైనవారు. తమ యింటిలోనే, ప్రతిదినము తాకు వస్తువును తాకియే ప్రాణములు కోల్పోయినవారును వారిలో కలరు. ఇట్టి ప్రమాదములు ఆకస్మికముగ వచ్చిపడినట్లు కనబడును. విచారించి చూచినచో వాటి బీజము చాలకాలము క్రిందటనే, ఇంటికి తీగలు వేసిననాడో, చెడిన వస్తువును ఏదో విధముగ సరిపెట్టిననాడో, నాటబడియుండును.

ఇంటిలో విద్యుత్తు ఎట్లు ప్రవహించునో తెలిసికొనినగాని ఈ సంగతి బోధపడదు. వీధిస్తంభము నుండి సామాన్యముగా ఒక యింటికి రెండు తీగలు వచ్చును. వానిలో ఒకటి ఫేజు, రెండవది న్యూట్రలు. ఈ రెంటినడుమ 230 వోల్టుల విద్యుత్పీడనముండును. దీపమును ఈ రెండు తీగలకు కలిపినప్పుడు విద్యుత్తు ఒకదాని వెంట వచ్చి, దీపము గుండ పోయి, రెండవదాని వెంట మరలిపోవును. న్యూట్రలు తీగ ట్రాన్స్‌ఫార్మరువద్ద భూమికి కలుపబడియుండును. అందుచేత ఫేజు తీగను తాకి నేలపై నిలిచిన మనుష్యుని దేహము విద్యుత్తునకు మరియొక మార్గమగును. అది దేహము గుండ భూమిలోనికి దిగి ట్రాన్స్‌ఫార్మరును చేరుకొనును. విద్యుద్ఘాతమనగా ఇదియే.

ఈ తీగలను ఏ విధముగా వేయవలెనో తెలుపు నిబంధనలు కలవు. 1956వ సంవత్సరపు భారత విద్యుత్ నియమములు చిరకాలము అమలులో నుండెను. పిమ్మట కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోను, మరల 2023లోను భద్రతా నిబంధనలను వెలువరించినది. ఇవిగాక 1985లో జాతీయ విద్యుత్ నియమావళి ప్రకటింపబడి, తరువాత సవరింపబడినది. వీనిలోని నియమములు మొదట చాదస్తమువలె తోచవచ్చును. కాని ఒక్కొక్క నియమము ఒక్కొక్క ప్రమాదమును నివారించుటకే ఏర్పడినది.

అట్లయిన ఇన్ని యిండ్లలో ఈ నియమములు ఏల ఉల్లంఘింపబడుచున్నవి? దానికి కారణము తెలిసికొనదగినది. ఇంటిలోని తీగల యేర్పాటునకు రెండు ధర్మములు కలవు. కోరినచోటికి విద్యుత్తును చేరవేయుట మొదటిది; దోషము కలిగిననాడు ఆ విద్యుత్తును తక్షణమే ఆపివేయుట రెండవది. నియమములను మీరినను మొదటి ధర్మము చెడదు. దీపము ఎప్పటివలెనే వెలుగును; పంకా ఎప్పటివలెనే తిరుగును. చెడునది రెండవ ధర్మము. అది చెడినట్లు ఏ గుర్తును కనబడదు. కావలివాడు లేని యింటిలో దొంగ రానన్నాళ్లు అంతయు క్షేమముగనే తోచును గదా! గృహవిద్యుత్తునకును ఇట్టి కావలివారు కలరు. తీగపైనున్న తొడుగు, ఫ్యూజు, ఎర్తు తీగ, ఇ.ఎల్.సి.బి. అను నలుగురే ఆ కావలివారు. ఇండ్లలో కానవచ్చు దోషములలో పెక్కింటివలన ఈ నలుగురిలో ఎవరో యొకరు తొలగింపబడుదురు.

మొదట ఫ్యూజు సంగతి చూతము. మితిమించిన విద్యుత్తు ప్రవహించినప్పుడు కరగి తెగిపోవలెనని ఉద్దేశించిన సన్నని తీగయే ఫ్యూజు. అది తెగుట చెడిపోవుట కాదు; తన పని తాను చేయుట. అయినను మాటిమాటికి తెగుచున్నదని విసుగుచెంది, పెక్కుమంది పింగాణీ పట్టెలో ఫ్యూజు తీగకు బదులుగా చేతికందిన మందమైన రాగితీగను చుట్టుదురు. అది తెగకపోవుటచే పని చక్కగ జరిగినదని సంతోషింతురు. ఐదు యాంపియర్ల ఫ్యూజు తీగ వెంట్రుకవలె సన్ననిది. ఒక మిల్లీమీటరు వ్యాసముగల రాగితీగ కరగవలెనన్నచో సుమారు 80 యాంపియర్ల విద్యుత్తు కావలెను. అంతకుముందే గోడలోని తీగపైని ప్లాస్టిక్కు తొడుగు కరగి అంటుకొనును. ఇండ్లలో సామాన్యముగా వాడు పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మాత్రమే నిరంతరము తాళగలదు. తెగవలసిన తీగ తెగక, తెగరాని తీగ కాలును. నేడు పెక్కు ఇండ్లలో ఫ్యూజునకు బదులుగా ఎం.సి.బి. అను మీట అమర్చుచున్నారు. అది తనంతట తాను పడిపోయి విద్యుత్తును ఆపును. అది పదేపదే పడిపోవుచున్నదని, తీగల శక్తిని పరీక్షింపకయే పెద్ద యాంపియర్ల ఎం.సి.బి.ని తెచ్చిపెట్టుటయు ఇట్టి దోషమే.

తీగలమీద మోయరాని బరువును మోపుట రెండవ దోషము. వాట్లను వోల్టులచే భాగించినచో యాంపియర్లు వచ్చును. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 230 వోల్టులవద్ద సుమారు 4.3 యాంపియర్లను, 2000 వాట్ల నీళ్లు కాచు గీజరు సుమారు 8.7 యాంపియర్లను తీసికొనును. రెండింటిని ఒకే పలకమీద బిగించినచో మొత్తము 13 యాంపియర్లగును. దీపముల కొరకు, చిన్న పనిముట్ల కొరకు అమర్చిన సాకెట్టు ఆరు యాంపియర్లకు మాత్రమే తగినది. గీజరు వంటివాటికి 16 యాంపియర్ల పెద్ద సాకెట్టు, దానికి తగిన మందమైన తీగ వేరుగా నుండవలెను. ఈ భేదమును పాటింపక, ఒక సాకెట్టునుండి మరియొక పలకకు, ఆ పలకనుండి వేరొక పలకకు తీగలు లాగి వాడుట అనేక గృహములలో కానవచ్చుచున్నది. తీగలో పుట్టు వేడిమి విద్యుత్తు యొక్క వర్గమును అనుసరించి పెరుగునని జేమ్స్ ప్రెస్కాట్ జూల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1841లో ప్రకటించెను. విద్యుత్తు రెండింతలైన వేడిమి నాలుగింతలగును, మూడింతలైన తొమ్మిదింతలగును. తీగలకు బరువు కొంచెము పెరిగినను ముప్పు ఎంతో పెరుగుట ఇందువలననే.

మూడవది వదులైన అతుకు. ప్లగ్గు లేనప్పుడు తీగకొనల తొడుగు ఒలిచి, వాటిని సాకెట్టు రంధ్రములలో చొప్పించి, జారిపోకుండ అగ్గిపుల్లలను దోపుట పండుగలకు, పెండ్లిపందిళ్లకు దీపాలంకారము చేయువేళ సర్వసామాన్యమైనది. తెగిన తీగలను మెలిపెట్టి, పైన ప్లాస్టిక్కు కాగితము చుట్టుటయు అట్టిదే. ఇట్టి అతుకు పైకి కలిసినట్లుండినను లోపల ఒకటి రెండు పోగులు మాత్రమే తాకుచుండును. ఆ చోట అర ఓము నిరోధము కలిగి, ఎనిమిది యాంపియర్లు ప్రవహించుచున్నదనుకొందము. అచ్చట పుట్టు వేడిమి 32 వాట్లు. రేడియోలు బాగుచేయువారు సీసమును కరగించుటకు వాడు చిన్న టంకపు పనిముట్టుకు 25 వాట్లు చాలును. అంత వేడిమి ఒక చిన్న అతుకులో, గోడలోనో చెక్కపెట్టెలోనో, ఎవరికంటను పడక రేయింబవళ్లు పుట్టుచుండునన్నమాట. ఇంత జరుగుచున్నను ప్రవాహము మితిమీరలేదు గనుక ఫ్యూజు తెగదు. అందుచేత అతుకులు గట్టిగ బిగించిన మరలతో, తెరచి చూచుటకు వీలైన పెట్టెలలోనే ఉండవలెను.

నాలుగవ దోషము మిక్కిలి మోసకరమైనది. మీటను ఫేజు తీగమీదనే అమర్చవలెను. పని తెలియనివాడు దానిని న్యూట్రలు తీగమీద అమర్చినను దీపము వెలుగును. మీట తీసిన ఆరును. భేదమేమియు కనబడదు. కాని దీపము ఆరియున్నప్పుడును ఫేజు తీగ హోల్డరు వరకు వచ్చి 230 వోల్టులతో నిలిచియుండును. మీట తీసితినను ధైర్యముతో బల్బు మార్చుటకు ఇనుప ముక్కాలిపీట ఎక్కినవానికి ఆ ధైర్యమే కీడు చేయును. న్యూట్రలు తీగమీద విడిగా ఫ్యూజు గాని మీట గాని ఉండరాదని 1956వ సంవత్సరపు నియమములే శాసించినవి. రెండు తీగలను ఒక్కసారిగ విడదీయు జంటమీట ఉండవచ్చును. మన దేశమున చిరకాలముగా ఫేజునకు ఎరుపు, పసుపు లేక నీలము, న్యూట్రలునకు నలుపు, ఎర్తునకు ఆకుపచ్చ రంగు తీగలను వాడుట ఆచారము. ఉన్న తీగతో సరిపెట్టుకొని రంగులు తారుమారు చేసినవాడు తన తరువాత ఆ పెట్టె విప్పువానికి తప్పుదారి చూపినవాడగును.

అన్నింటికంటె ఎక్కువగ ఉపేక్షింపబడునది ఎర్తు తీగ. పెద్ద ప్లగ్గులకు మూడు కాళ్లుండును. అందు పైనున్నది తక్కిన రెంటికంటె పొడవైనది, లావైనది. అది ఎర్తు. పొడవుగ నుండుటచే అది అన్నింటికంటె ముందుగ కలియును. తీయునప్పుడు అన్నింటికంటె వెనుక విడివడును. ఇస్త్రీపెట్టె, గ్రైండరు, నీటి మోటారు మొదలగువాని లోహపు ఒడలికి ఈ తీగ కలుపబడియుండును. దీని రెండవ కొన ఇంటివెలుపల భూమిలో పాతిన గొట్టమునకు చేరును. సుమారు రెండున్నర మీటర్ల పొడవుగల ఆ ఇనుప గొట్టము చుట్టు బొగ్గు, ఉప్పు పొరలుపొరలుగ వేయుట వాడుకలోనున్న పద్ధతి.

గ్రైండరులోని ఫేజు తీగ తొడుగు చిరిగి దాని లోహపు ఒడలిని తాకినదనుకొందము. ఎర్తు మార్గము యొక్క నిరోధము మొత్తము ఐదు ఓములైనచో, 230ని ఐదుచే భాగింపగా 46 యాంపియర్లు వచ్చును. అంత ప్రవాహమునకు 16 యాంపియర్ల ఫ్యూజు తెగి, విద్యుత్తు ఆగిపోవును. గృహిణి చేయి దానిపై పడకమునుపే ముప్పు తొలగును. ఎర్తు తీగయే లేనిచో ఫ్యూజు తెగుటకు కారణము లేదు. గ్రైండరు ఎప్పటివలెనే తిరుగుచు, తాకువానికొరకు వేచియుండును. ఎర్తు తీగ ఉండియు, ఎండకాలమున నీరు పోయకపోవుటచే నేల ఎండి మార్గనిరోధము 50 ఓములకు పెరిగినదనుకొందము. అప్పుడు ప్రవహించునది 4.6 యాంపియర్లే. ఫ్యూజు తెగదు, గ్రైండరు ఒడలిలో విద్యుత్తు అట్లే నిలిచియుండును. ఎర్తు గొట్టమువద్ద నీరు పోయుమని పెద్దలు చెప్పుటలోని అంతరార్థమిదియే.

ఈ తీగ వేయుటకు ఖర్చగునని కొందరు దానిని పూర్తిగ వదలివేయుదురు. కొందరు నీటి గొట్టమునకు కట్టుదురు. ఆ గొట్టము కొంతదూరము పోయి ప్లాస్టిక్కు గొట్టమగుచున్నదని చూడరు. మరికొందరు సాకెట్టులోనే ఎర్తును న్యూట్రలునకు చిన్న తీగతో కలిపి పని ముగించినామందురు. ఇది అన్నిటికంటె ఘోరమైనది. ఎప్పుడైనను న్యూట్రలు తీగ ఆ సాకెట్టునకు వెనుకవైపున తెగినచో, ఫేజునుండి వచ్చిన విద్యుత్తు పనిముట్టు గుండ దాటి, ఆ చిన్న తీగ వెంట దాని లోహపు ఒడలికే చేరును. పనిముట్టు ఆగిపోవును, ఏమైనదోయని తట్టిచూచుటకు మనుష్యుడు చేయి చాచును.

మానవదేహము ఎంత విద్యుత్తును తాళగలదు? ఒక మిల్లీయాంపియరు, అనగా యాంపియరులో వేయవవంతు, ప్రవహించిన చిన్న జలదరింపు కలుగును. సుమారు పది మిల్లీయాంపియర్లకు కండరములు బిగిసి, పట్టిన వస్తువును విడువజాలని స్థితి యేర్పడును. యాభై మొదలు నూరు మిల్లీయాంపియర్ల వరకు వచ్చినచో గుండె లయతప్పి ప్రాణాపాయము సంభవింపవచ్చును. తడిసిన దేహము యొక్క నిరోధము సుమారు వేయి ఓములకు దిగును. 230 వోల్టులను వేయిచే భాగించినచో 230 మిల్లీయాంపియర్లు. మనుష్యుని చంపుటకు ఇది మిక్కిలి ఎక్కువ. 16 యాంపియర్ల ఫ్యూజును కదలించుటకు మిక్కిలి తక్కువ. ఫ్యూజు తీగను కాపాడును గాని మనుష్యుని కాపాడదని దీనివలన తేలుచున్నది.

ఈ లోటును తీర్చుటకు ఏర్పడినవాడే నాలుగవ కావలివాడు. ఇ.ఎల్.సి.బి. అనియు, ఆర్.సి.సి.బి. అనియు వ్యవహరింపబడు ఈ పరికరము ఫేజు తీగ వెంట వచ్చిన విద్యుత్తును, న్యూట్రలు వెంట మరలిన విద్యుత్తును ఎడతెగక పోల్చుచుండును. రెండును సమానమైన చింతలేదు. ముప్పది మిల్లీయాంపియర్ల తేడా వచ్చినచో, ఆ విద్యుత్తు ఎవరి దేహము గుండనో భూమిలోనికి జారుచున్నదని గ్రహించి, రెప్పపాటులో ఇంటి విద్యుత్తును ఆపివేయును. అయితే ఒక చేత ఫేజును, మరియొక చేత న్యూట్రలును పట్టినవానిని ఇది గుర్తింపజాలదు. కావున ఇది యున్నదని తక్కిన జాగ్రత్తలను విడువరాదు. వానకాలమున గోడలు చెమ్మగిల్లినప్పుడు ఈ పరికరము పదేపదే పడిపోవుచుండును. అది ఎక్కడనో విద్యుత్తు కారుచున్నదని చెప్పుట. కొందరు ఆ కారు చోటును వెదకుటకు మారుగా పరికరమునే తప్పించి తీగలను నేరుగ కలిపించుకొందురు. రాత్రి మొరిగినదని కావలికుక్కను తరిమివేయుటకును దీనికిని భేదమేమున్నది?

ఈ నలుగురు కావలివారికి అందని చోట్లు కొన్ని కలవు. వాటిలో ముఖ్యమైనది పల్లెలలోను, పట్టణపు పేటలలోను కానవచ్చు దండెము. స్తంభమునుండి ఇంటికి వచ్చు తీగను మోయుటకు దానివెంట ఒక ఇనుప తీగను కట్టుదురు. ఎండకు, గాలి రాపిడికి పై తొడుగు చిరిగినచో విద్యుత్తు ఆ ఇనుప తీగలోనికి, దాని కొన తాకియున్న రేకుల కప్పులోనికి దిగును. బట్టలారవేయు దండెమును కూడ ఇనుప తీగతోనే చేసి, ఆ కప్పు దూలమునకే కట్టుట పలుచోట్ల అలవాటు. వానలో తడిసిన బట్టను దానిపై వేసిన ఇల్లాలు చిక్కుకొనును. ఆమెను విడిపింప వచ్చిన భర్త చిక్కుకొనును. వారిని చూచి పరుగెత్తివచ్చిన బిడ్డలును చిక్కుకొందురు. ఒకే దండెమునకు ఒక కుటుంబమంతయు బలియైన వార్తలు తెలుగునాట వానకాలమున వినబడుచుండుట శోచనీయము. స్తంభమునకు మీటరునకు మధ్యనున్న తీగలో దోషము కలిగినచో ఇంటిలోని ఏ పరికరమును దానిని ఆపజాలదు. నూలుత్రాడునో, నైలాను త్రాడునో దండెముగ కట్టుకొనిన ఈ ప్రమాదము సులభముగ తప్పును.

విద్యార్థులు తీగలను, పెట్టెలను విప్పి బాగుచేయబూనరాదు. ఇంటికి తీగలు వేయుట అనుమతిపత్రము పొందిన గుత్తేదారు చేతను, యోగ్యతాపత్రము గలవారి పర్యవేక్షణ క్రిందను జరుగవలెనని నిబంధన కలదు. కాని చూచుటకు, పెద్దలకు చెప్పుటకు అనుమతి యక్కరలేదు. వేడెక్కిన ప్లగ్గు, నల్లబడిన సాకెట్టు, కాలిన వాసన, తాకిన చిమచిమలాడు ఫ్రిజ్, అగ్గిపుల్లలు దోపిన తీగలు కనబడినచో వెంటనే తెలియజేయవలెను. ఇ.ఎల్.సి.బి.పై పరీక్షకొరకు ఒక చిన్న మీట యుండును. దానిని అప్పుడప్పుడు నొక్కి, పరికరము పడిపోవుచున్నదా లేదా యని పెద్దలచే చూపించుకొనవలెను. తీగలు, మీటలు కొనునప్పుడు వాటిపై ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదో లేదో పరిశీలింపవలెను. తడిచేతులతో మీట తాకరాదు. బకెట్టులో హీటరు కడ్డీ ఉంచినప్పుడు, ప్లగ్గు తీయకమునుపు నీటిలో వ్రేలు పెట్టరాదు.

ఎవరైనను విద్యుద్ఘాతమునకు గురియైనచో వారిని చేతితో తాకరాదు. మొదట ప్రధానమీటను తీసివేయవలెను. అది వీలుకానప్పుడు పొడి చెక్కపై నిలిచి, పొడి కర్రతో తీగను తొలగింపవలెను. వీధిలో తెగిపడిన తీగనైతే సమీపింపక, ఇతరులను దూరముగ నుంచి, 1912 సంఖ్యకు తెలుపవలెను. దెబ్బతిన్నవాని కొరకు 108 వాహనమును పిలిపించి, శ్వాస ఆగియున్నచో శిక్షణ గలవారు రొమ్ముపై తాళబద్ధముగ ఒత్తుచుండవలెను. విద్యుత్తు ఆపకుండ మంటపై నీరు పోయరాదు.

దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు, ప్రమాదము జరిగిన పిదప ఎర్తు గొట్టము పాతించుటవలన ప్రయోజనము లేదు. కొత్తగా తీగలు వేయించుకొన్నవారు మీట నొక్కి, దీపము వెలుగుట చూచి, పనివానికి కూలి చెల్లించి పంపుదురు. దీపము వెలుగుటచే తెలియునది సగము మాత్రమే. ఈ తీగ తొడుగు చిరిగిన ఏమగును? ఈ పనిముట్టు ఒడలిలోనికి విద్యుత్తు దిగిన దానిని ఆపువారెవరు? అని పనివానిని అడిగి, సరియైన సమాధానము పొందిననాడు తక్కిన సగమును తెలియును. అట్లు అడుగుట నేర్చిన యింటిలో వెలుగును, క్షేమమును కలిసి నిలుచును.